కరెంట్ పోయింది, యూపీఎస్ ఉంది, మరి సిస్టమ్ ఎందుకు ఆగిపోయింది?

మా బాబాయికి అశోక్‌నగర్‌లో చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. ఐదు డెస్క్‌టాప్‌లు, ఒక లేజర్ ప్రింటర్, ఒక జిరాక్స్ మెషీన్, గోడ నిండా నోటిఫికేషన్ల కాగితాలు. ఆ ఏరియా తెలిసినవాళ్ళకి ఎక్కువ చెప్పక్కర్లేదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల నుంచి అశోక్‌నగర్ దాకా కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్ళు, హాస్టళ్ళు, మెస్సులే. గవర్నమెంట్ ఉద్యోగం కోసం ఇక్కడ రూమ్ తీసుకుని ఏళ్ళ తరబడి చదివేవాళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది అప్లికేషన్ పెట్టేది, హాల్‌టికెట్ ప్రింట్ తీసుకునేది మా బాబాయి షాపులాంటి చోట్లే. సెలవుల్లో నేను అక్కడ కూర్చుంటాను. సీఎస్‌ఈ సెకండియర్ కాబట్టి బాబాయి దృష్టిలో నేను కంప్యూటర్ డాక్టర్‌ని.

పోయిన మే నెలలో ఒక నోటిఫికేషన్‌కి అది చివరి రోజు. సాయంత్రం గాలివాన మొదలైంది, కరెంట్ పోయింది. ఐదు సిస్టమ్‌లకీ ఐదు యూపీఎస్‌లున్నాయి. ఐదూ కీచుమన్నాయి. నాలుగు స్క్రీన్లు నల్లగా అయిపోయాయి. ఐదోది వెలుగుతూనే ఉంది గానీ దాంట్లోనూ పేజీ అలా తిరుగుతూనే ఉంది. ఆ ఐదోదాని సంగతి ఆ రోజు ఎవరం పట్టించుకోలేదు.

రెండో సిస్టమ్ ముందు హాస్టల్ నుంచి వచ్చిన ఒక అక్క కూర్చుని ఉంది. ఫీజు కట్టే పేజీలో ఉండగా ఆగిపోయింది. ఫోన్ చూసుకుని, "తమ్ముడూ, పైసలు కట్ అయినయి, రిసీట్ రాలేదు" అంది. ఆ గొంతు నాకింకా గుర్తుంది. కరెంట్ తిరిగొచ్చేసరికి ఏడు దాటింది. ఆమె ఫ్రెండ్ దగ్గర అప్పు తీసుకుని రెండోసారి ఫీజు కట్టి, రాత్రి పదింటికి సబ్మిట్ చేసింది. మొదటి డబ్బు వారం తర్వాత వెనక్కొచ్చింది. మూడో సిస్టమ్ దగ్గరున్న అన్న మాత్రం ఆగలేదు. ఫైల్ చంకలో పెట్టుకుని వానలోనే వేరే సెంటర్ వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

షట్టర్ దించాక బాబాయి నన్ను అడిగాడు: "యూపీఎస్ ఉండంగ సిస్టం ఎట్ల బందయితదిరా? గిందుకేనా పైసలు పెట్టి కొన్నది?"

నేను వెంటనే ఒక డాక్టర్ ముఖం పెట్టి, "కెపాసిటీ చాలట్లేదు బాబాయ్, పెద్దది కొనాలి" అన్నాను. నాకు అసలేం తెలియదు. కానీ ఆయన నమ్మాడు. నాలుగో సిస్టమ్‌కి 1000 వీఏ యూపీఎస్ కొన్నాడు, నాలుగు వేల పైచిలుకు పోశాడు. పది రోజులకి మళ్ళీ కరెంట్ పోయింది. ఆ నాలుగో సిస్టమ్ మళ్ళీ ఆగిపోయింది, కొత్త యూపీఎస్ పక్కనే ఉండగా. బాబాయి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత నేను చేసిన పనే ఈ వ్యాసం. ఈసారి టెక్నికల్ సబ్జెక్ట్ తెలుగులో రాయండి అని క్లబ్ గ్రూపులో అడిగితే చేయి ఎత్తాను. నా చదువంతా ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు, దీర్ఘాలు సరిచేసిన ఫైనలియర్ అక్కకి థ్యాంక్స్.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మన ఇళ్ళకి వచ్చే కరెంట్ సెకనుకి 50 సార్లు ఊగుతుంది. అంటే ఒక్కో ఊపుకి 20 మిల్లీసెకన్లు. షాపుల్లో, ఇళ్ళల్లో ఉండే మామూలు యూపీఎస్, కరెంట్ ఉన్నంతసేపు దాన్నే కంప్యూటర్‌కి పంపిస్తుంది, పక్కన బ్యాటరీ ఛార్జ్ చేసుకుంటూ ఉంటుంది. కరెంట్ పోగానే లోపల రిలే అనే చిన్న స్విచ్ టక్‌మని బ్యాటరీ వైపు తిరుగుతుంది. మనకి వినిపించే ఆ టక్ శబ్దం అదే. ఇది తిరగడానికి మామూలుగా 10 మిల్లీసెకన్లలోపు పడుతుంది. ఆ కొద్ది సమయం కంప్యూటర్‌కి ఏ కరెంటూ లేదు. బ్యాంకుల్లో, సర్వర్ రూముల్లో పెట్టే ఆన్‌లైన్ యూపీఎస్‌లలో ఈ ఖాళీ ఉండదు, ఎందుకంటే అవి ఎప్పుడూ ఇన్వర్టర్ భాగం గుండానే నడుస్తాయి. అందుకే వాటికి అంత ధర.

మరి ఆ పది మిల్లీసెకన్లు కంప్యూటర్ ఎలా బతుకుతుంది? క్యాబినెట్ వెనక ఫ్యాన్ తిరిగే డబ్బా ఉంటుంది కదా, ఎస్‌ఎంపీఎస్. దాంట్లో లావుపాటి కెపాసిటర్ ఉంటుంది. మేడ మీద వాటర్ ట్యాంక్ అనుకోండి. మోటార్ ఆగినా ట్యాంకులో నీళ్ళున్నంతసేపు కింద కుళాయి వస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ అయితే ఫుల్ లోడ్ మీద కూడా సుమారు 16 మిల్లీసెకన్లు ఆగగలగాలి. లోడ్ తక్కువైతే ఇంకొంచెం ఎక్కువే ఆగుతుంది, కుళాయి సన్నగా తిప్పితే ట్యాంక్ ఎక్కువసేపు వచ్చినట్టు.

ఇటు 10, అటు 16. మన సిస్టమ్ ఆగకపోవడానికి ఉన్న మార్జిన్ మొత్తం అంతే. యూపీఎస్ ఆలస్యం చేసినా, ఎస్‌ఎంపీఎస్ ట్యాంక్ చిన్నదైపోయినా, బ్యాటరీ తిరిగిన వెంటనే బరువు మోయలేకపోయినా మనకి కనిపించేది ఒకటే: నల్ల స్క్రీన్. రోగాలు మూడు, లక్షణం ఒకటి. నేను లక్షణం చూసి మందు రాసేశాను.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో కర్నెల్-పవర్ 41 అని ఉందేమో చూడమని ఎక్కడ చదివినా చెప్తారు. నేనూ చూశాను, ఉంది. కానీ అది చెప్పేది "సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది" అని మాత్రమే. దాంట్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే, బ్లూ స్క్రీన్ ఎర్రర్ లాంటిది నమోదు కాలేదు, బహుశా కరెంటే తెగింది అనుకోవచ్చు. ఆ తర్వాత వెతకాల్సింది బయటే. మా బ్రాంచ్ వాళ్ళకి ఇది కొంచెం కష్టమైన విషయం, మనం ఏదైనా స్క్రీన్ లోపలే దొరుకుతుందనుకుంటాం.

కాబట్టి ఈసీఈ ఫ్రెండ్ దగ్గర మల్టీమీటర్ అడిగి తెచ్చుకుని, ఆదివారం మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు మొదలుపెట్టాను. ఒక మాట: టెస్ట్ చేయడానికి యూపీఎస్ ప్లగ్ పీకకండి, గోడ మీద స్విచ్ ఆపండి. ప్లగ్ పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది. స్విచ్ ఆపితే ఫేజ్ మాత్రమే పోతుంది, ఎర్త్ ఉంటుంది.

మూడో సిస్టమ్ సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోయింది. దాని యూపీఎస్ వెనక ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఆ బోర్డుకి లేజర్ ప్రింటర్. యూపీఎస్ మీద 600 వీఏ అని ఉంటుంది, కానీ వీఏ వేరు, వాట్లు వేరు. ఈ రకం వాటిలో 600 వీఏ అంటే నిజంగా మోసేది 360 వాట్లే. లేజర్ ప్రింటర్‌లో కాగితం మీద పొడిని కరిగించి అతికించే హీటర్ ఉంటుంది, అది వేడెక్కేటప్పుడు కొన్ని వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది. ఆ రోజు కరెంట్ పోయినప్పుడు ప్రింట్ నడుస్తోంది. వాన్లో వెళ్ళిపోయిన అన్నదే ఆ ప్రింట్. ప్రింటర్‌ని గోడ సాకెట్‌కి మార్చాను. ఖర్చు సున్నా.

ఒకటి, రెండు సిస్టమ్‌లది బ్యాటరీ సమస్య. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడే నేను రెండోసారి మోసపోయాను. యూపీఎస్ ఆఫ్ చేసి, గోడ నుంచి పీకి, మూత తీసి బ్యాటరీ బయటికి తీశాను (ఇక్కడైతే ప్లగ్ పీకాల్సిందే). 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ అని ఉంది. మీటర్ పెడితే 12.8 వోల్టులు. "బ్యాటరీ సూపర్ ఉంది బాబాయ్" అన్నాను. నిజానికి ఆ బ్యాటరీ అప్పటికే పోయింది.

7 ఆంపియర్-అవర్ అంటే ఏడు ఆంపియర్లు గంటసేపు ఇస్తుందని మనం అనుకుంటాం. ఆ అంకె 20 గంటల లెక్క మీద వేసింది. అంటే 0.35 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. మన సిస్టమ్, మానిటర్ కలిపి 200 వాట్లు అనుకుందాం. యూపీఎస్ లోపల కొంత వేడిగా పోతుంది కాబట్టి బ్యాటరీ నుంచి సుమారు 250 వాట్లు లాగాలి. 12తో భాగిస్తే దాదాపు 21 ఆంపియర్లు. 0.35 ఎక్కడ, 21 ఎక్కడ! కొత్త బ్యాటరీ అయినా ఈ లోడ్ మీద పది నిమిషాలకి అటూ ఇటూగా మాత్రమే వస్తుంది.

బ్యాటరీ పాతబడితే లోపల నిరోధం పెరుగుతుంది. మంచి బ్యాటరీకి అది 25 మిల్లీఓమ్‌లు ఉందనుకుంటే, 21 ఆంపియర్లు లాగినప్పుడు అర వోల్టు మాత్రమే పడిపోతుంది. పాడైనదానికి 150 మిల్లీఓమ్‌లు ఉందనుకుంటే మూడు వోల్టులకి పైగా పడిపోతుంది. 12.8 కాస్తా 9.6 అవుతుంది. యూపీఎస్ సాధారణంగా పదిన్నర వోల్టుల ప్రాంతంలో "బ్యాటరీ అయిపోయింది" అనుకుని ఆపేస్తుంది. అంటే మీటర్‌కి నిండుగా కనిపించిన బ్యాటరీ, పని చెప్పిన మరుక్షణం ఖాళీ అని చేతులెత్తేస్తుంది. మల్టీమీటర్ దాని నుంచి దాదాపు ఏమీ లాగదు, కాబట్టి దానికి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

దీన్ని పట్టుకోవడం ఎలా అని వెతుకుతుంటే ఫిజిక్స్ ల్యాబ్‌లో ఒక సార్ చెప్పారు, హెడ్‌లైట్ బల్బు పెట్టి చూడు అని. నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఒక మెకానిక్ అన్న దగ్గర 12 వోల్టుల, 55 వాట్ల పాత బల్బు దొరికింది. డబ్బులు కూడా తీసుకోలేదు. అది నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. బాగున్న ఐదో సిస్టమ్ బ్యాటరీకి తగిలిస్తే 12.3 దగ్గర నిలబడింది. మొదటిదానికి తగిలిస్తే పెట్టగానే 11.2, నిమిషంలోపే తొమ్మిది కిందికి జారిపోయింది. బల్బు కూడా ఎర్రగా మసకబారింది. రెండోదాని కథా అంతే. బాబాయి నా భుజం మీదుగా చూస్తూ, "గిది ముందే చేస్తే అయిపోవు గదరా" అన్నాడు. నిజమే.

రెండు బ్యాటరీలూ నాలుగేళ్ళ పైబడినవి. ఈ రకం సీల్డ్ బ్యాటరీలకి వేడి పెద్ద శత్రువు. 25 డిగ్రీల పైన ప్రతి 8–10 డిగ్రీలకి ఆయుష్షు సుమారు సగం అవుతుందని లెక్క. మే నెలలో హైదరాబాద్, షట్టర్ షాపు, టేబుల్ కింద గాలి ఆడని మూల. మన ఊళ్ళో రెండు మూడేళ్ళు నడిస్తే చాలనుకోవాలి. నారాయణగూడలో ఒక బ్యాటరీ షాపులో పాతవి ఇచ్చి కొత్తవి తీసుకున్నాం. పాతవి చెత్తబుట్టలో వేయకూడదు, లోపల సీసం, యాసిడ్ ఉంటాయి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. పైగా పాతదానికి షాపువాళ్ళు కొంత తగ్గిస్తారు కూడా.

ఇక నాలుగోది. నా నాలుగు వేల రూపాయల తప్పు.

దాని కొత్త యూపీఎస్‌కి కంప్యూటర్ బదులు రెండు పాత 100 వాట్ల బల్బులు తగిలించి స్విచ్ ఆపాను. బల్బులు కళ్ళార్పకుండా వెలిగాయి. అంటే యూపీఎస్, బ్యాటరీ రెండూ 200 వాట్లు మోస్తున్నాయి. కంప్యూటర్ పెట్టి స్విచ్ ఆపాను. ఆగలేదు! మళ్ళీ ఆపాను, ఆగలేదు. దెయ్యం పట్టిందా అనుకున్నాను. కాసేపటికి బాబాయి దాంట్లో పెద్ద పీడీఎఫ్‌లు కలుపుతూ, ఇంకో పక్క వీడియో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు స్విచ్ ఆపితే టప్‌మని పోయింది. బాబాయి పీడీఎఫ్ కూడా పోయింది, దాని గురించి వేరే వ్యాసం రాయొచ్చు.

ఖాళీగా ఉన్నప్పుడు తట్టుకుంటుంది, పని చేస్తున్నప్పుడు పడిపోతుంది. బ్యాటరీ దగ్గర నేర్చుకున్నదే ఇక్కడా. యూపీఎస్‌లు మార్చి చూశాను. నాలుగో సిస్టమ్‌ని ఐదోదాని యూపీఎస్‌కి పెడితే, పని చేస్తున్నప్పుడు అక్కడా పడిపోయింది. ఐదో సిస్టమ్‌ని కొత్త యూపీఎస్‌కి పెడితే హాయిగా నడిచింది. జబ్బు కంప్యూటర్‌తో పాటే తిరుగుతోంది. పదేళ్ళ నాటి ఎస్‌ఎంపీఎస్ అది. కెపాసిటర్ లోపలి ద్రవం ఏళ్ళ వేడికి ఎండిపోతూ వస్తుంది, ట్యాంకులో మట్టి పేరుకున్నట్టు పట్టే నీళ్ళు తగ్గిపోతాయి. తక్కువ లోడ్ మీద పది మిల్లీసెకన్లు ఎలాగో గట్టెక్కేది, ఎక్కువ లోడ్ మీద ఎనిమిదికో తొమ్మిదికో ఖాళీ అయ్యేది. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీకి వెళ్ళి కొత్త ఎస్‌ఎంపీఎస్ తెచ్చి మార్చాను. యూపీఎస్ ధరలో సగం కూడా కాలేదు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం మీరెవరూ తెరవొద్దు. ప్లగ్ పీకేసినా ఆ కెపాసిటర్‌లో కొంతసేపు మూడు వందల వోల్టుల పైన ఉండొచ్చు. డబ్బా డబ్బాగా మార్చడమే, రిపేర్ మన పని కాదు.

దాంతో అన్నీ అయిపోయాయనుకుంటే, నాలుగో సిస్టమ్ నుంచి ఖాళీ అయిన పాత 600 వీఏ యూపీఎస్ చూసి బాబాయికి ఇంకో ఆలోచన వచ్చింది. ఇంట్లో ఆల్బమ్ డిజైనింగ్ చేసే సిస్టమ్ ఒకటుంది, గ్రాఫిక్స్ కార్డు ఉన్నది. ఇది దానికి పెడదాం అన్నాడు. పెట్టి స్విచ్ ఆపితే యూపీఎస్ ఒక్క పొడుగు కేక పెట్టి ఆగిపోయింది. బల్బులతో 200 వాట్లు మోసిన యూపీఎస్, అంతకన్నా తక్కువ లాగుతున్న ఈ కంప్యూటర్‌ని మోయలేదు. నాకు చాలాసేపు అర్థం కాలేదు.

విషయం కరెంట్ ఆకారంలో ఉంది. గోడ నుంచి వచ్చేది నున్నటి అల, సైన్ వేవ్. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చేది మెట్లు మెట్లుగా ఉండే అల. బల్బుకి ఆ తేడా తెలియదు. కొత్త తరం ఎస్‌ఎంపీఎస్‌లలో మాత్రం యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది. అది వచ్చే అల ఆకారాన్ని అనుసరిస్తూ కరెంట్ లాగాలని చూస్తుంది. మెట్టు ఎదురైతే తడబడి ఒక్కసారిగా ఎక్కువ లాగొచ్చు, చిన్న యూపీఎస్ దాన్ని ఓవర్‌లోడ్ అనుకుని ఆగిపోతుంది. అన్ని సిస్టమ్‌లూ ఇలా పేచీ పెట్టవు, కొన్ని పెడతాయి. ఇదేనా కారణం అని తేల్చుకోవడానికి క్యాబినెట్‌ని చిక్కడపల్లిలో మా ఇంటికి యాక్టివా మీద, కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాను. మా ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంది. మొదటిసారి దాని మీదా ఆగిపోయింది! తర్వాత చూస్తే ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్, మామూలు మోడ్‌లో ఉంది. ఫ్యాన్లకీ లైట్లకీ తీరిగ్గా మారినా ఫర్వాలేదు కాబట్టి ఆ మోడ్‌లో ఎక్కువ సమయం తీసుకుంటుంది. యూపీఎస్ మోడ్‌కి మార్చాను. ఈసారి మూడు సార్లు మెయిన్ ఆపినా కంప్యూటర్ కదల్లేదు. అమ్మ మాత్రం సీరియల్ మూడు సార్లు ఆగిందని కదిలింది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో డెస్క్‌టాప్ ఆగిపోతుంటే ముందు ఆ స్విచ్ చూడండి. ఆ సిస్టమ్‌కి సైన్ వేవ్ యూపీఎస్ కొనేదాకా కరెంట్ పోయే సూచన ఉంటే ఆల్బమ్ పని పెట్టుకోవద్దని బాబాయికి చెప్పాను.

జూన్ చివర్లో ఒక సాయంత్రం అసలు పరీక్ష వచ్చింది. కరెంట్ పోయింది, ఐదు యూపీఎస్‌లు కీచుమన్నాయి, ఐదు స్క్రీన్లూ వెలుగుతూనే ఉన్నాయి. నేను కాలర్ ఎగరేద్దామనుకునేలోపే మొదటి సిస్టమ్ దగ్గర ఒకాయన, "తమ్మీ, నెట్ రాట్లే" అన్నాడు.

రూటర్. ఫైబర్ డబ్బా, రూటర్ రెండూ గోడ సాకెట్‌కే ఉన్నాయి. మే నెలలో ఆ ఐదో స్క్రీన్ మీద పేజీ ఎందుకు అలా తిరుగుతూ ఉండిపోయిందో అప్పుడు అర్థమైంది. ఆ రోజు ఐదు సిస్టమ్‌లూ బతికి ఉన్నా ఆ అక్క రిసీట్ వచ్చేది కాదు. నెల రోజులు నేను మిల్లీసెకన్లు లెక్కపెడుతూ కూర్చున్నాను గానీ, షాపుకి వచ్చేవాళ్ళకి కావల్సింది స్క్రీన్ వెలగడం కాదు, ఫారం అవతలికి చేరడం. ఈ రెండు డబ్బాలూ కలిపి ఏ ఇరవై వాట్లో లాగుతాయి. పక్కన పడి ఉన్న ఆ పాత 600 వీఏ యూపీఎస్ వాటికే పెట్టేశాం. అంత తక్కువ లోడ్ మీద దాని చిన్న బ్యాటరీ కూడా గంట పైనే లాగుతుంది.

ఇప్పుడు ప్రతి యూపీఎస్ మీదా బ్యాటరీ వేసిన నెల, సంవత్సరం మార్కర్‌తో రాసి ఉంది. నెలలో మొదటి ఆదివారం, ఏదో ఒక పని నడుస్తుండగానే స్విచ్‌లు ఆపి చూస్తాం. పోయిన వారం కరెంట్ పోయినప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. బాబాయి ఫోన్ చేశాడు. వెనక బీప్ బీప్ వినిపిస్తోంది, ఆయన నాతో కాదు, షాపులో వాళ్ళతో మాట్లాడుతున్నాడు: "ఎవ్వరు లేవకుర్రి, పది నిమిషాలుంది, ముందు సబ్మిట్ కొట్టుర్రి."